దద్దుర్ల పటం

మనిషి ఆకారాన్ని ముందు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి గీసిన కాగితం మీద ఎర్ర పెన్నుతో దద్దుర్లు గుర్తు పెట్టడం నా మొదటి ఉద్యోగం. నేను చదివిన జంతుశాస్త్రానికి అంతకంటే మంచి గతి పట్టలేదు. జనగామలో ఒక చిన్న ప్రైవేటు దవాఖాన ఉండేది, ఇప్పుడు లేదు. అక్కడి చర్మం డాక్టరు ఒక కొత్త మందు పరీక్షకు ఒప్పుకున్నాడు. బజారులో ఇంకా అమ్మని మందు. దానికి పేరు కూడా లేదు, రెండక్షరాలూ ఒక అంకే ఉండేవి. కారణం తెలియకుండా నెలల తరబడి ఒళ్లంతా దద్దుర్లు లేచే మనుషులకు దాన్ని ఇచ్చి చూస్తున్నారు. అప్పట్లో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అన్నీ ఒకే జిల్లా. ఈ మూడు వైపులా ఉన్నవాళ్ల ఇళ్లకు వారానికోసారి వెళ్లి, బిళ్లలు లెక్కపెట్టి, ఒళ్లు చూసి, పటం నింపుకొని రావడం నా పని. మా ఇల్లు మహబూబాబాద్‌లో. మేం మానుకోట అంటాం.

డాక్టరు ఓపిక ఉన్నవాడు. చేరిన రోజే నన్ను కూర్చోబెట్టి అంతా చెప్పాడు. మన ఒంట్లో కొన్ని కణాలుంటాయట. దురద పుట్టించే సరుకును చిన్న చిన్న మూటలు కట్టుకొని తయారుగా ఉంటాయట. ఏదో ఒక వంకన ఆ మూటలన్నీ ఒక్కసారి విప్పేస్తే చర్మం ఉబ్బి దద్దుర్లవుతుంది. పాత మందులు ఆ సరుకు బయటపడ్డాక దాని వెంట పడేవి. ఇది మూట విప్పే చేతినే పట్టుకుంటుంది. "చిన్న అణువు" అనేవాడు మురిపెంగా. సూదితో ఎక్కించే పెద్ద అణువుల మందులకు ఫ్రిజ్ కావాలి, నర్సు కావాలి. ఇది చిన్నది కాబట్టి మింగితే చాలు, కణం లోపలికే దూరుతుంది, కరెంటు లేని ఊళ్లో గూట్లో పెట్టినా చెడదు. సగం మందికి అసలు బిళ్ల ఇస్తారు, సగం మందికి ఉత్త బిళ్ల. ఎవరికి ఏది వెళ్తుందో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

ఇంకో సంగతి కూడా ఆ రోజే నేర్పాడు. దద్దు ఒక రోజుకు మించి ఒక చోట నిలవదు. పొద్దున చేతి మీద లేచింది సాయంత్రానికి వీపు మీదికి పోతుంది. పోయిన చోట మచ్చ కూడా మిగలదు. మర్నాడూ అక్కడే ఉంటే అది దద్దు కాదు, ఇంకేదో అయి ఉంటుంది. ఈ మాటను నోటుపుస్తకం మొదటి పేజీలో పెద్దక్షరాలతో రాసుకున్నాను.

నాకు కోపం ఎక్కువ. ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ అనేది. బస్సులో నా నడుం మీద చెయ్యి వేసినవాణ్ని ఒకసారి చెప్పు తీసుకొని పెదవి చిట్లేదాకా కొట్టాను. కండక్టరు ఆపకపోతే ఇంకా కొట్టేదాన్నే. ఆ యేడు అందరి నెత్తుర్లూ మరుగుతూనే ఉన్నాయి. టైర్లు కాలిన వాసన లేకుండా ఏ రోడ్డూ ఉండేది కాదు. తెలంగాణ రాష్ట్రం ఇస్తామని చెప్పి వెనక్కి తీసుకున్నాక మా పిల్లలు ఒంటికి నిప్పు పెట్టుకుంటుంటే, రోజూ ఏదో ఒక ఊళ్లో ఎవరిదో శవం లేస్తుంటే, చల్లగా మాట్లాడేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది. పరీక్షలో చేరేవాళ్లు సంతకం పెట్టాల్సిన ఒప్పంద పత్రం చూసినా మండేది. "స్వచ్ఛందముగా పాల్గొనుటకు సమ్మతించుచున్నాను" అని ఎవరో ఏసీ గదిలో కూర్చొని రాసిన తెలుగు. నెల్లికుదురు రైతుకు అది చదివి వినిపిస్తే "గిది ఏం మంత్రం బిడ్డా?" అని అడిగాడు. ఆ పత్రం మడిచి పక్కన పెట్టి, మొత్తం మా మాటల్లో చెప్పాకే వేలిముద్ర వేయించాను.

పరీక్షలో చేరడానికి ఆమె భర్తతో కలిసి దవాఖానకు వచ్చింది. ఆయన భూపాలపల్లిలో బొగ్గు బాయి కార్మికుడు. ఆమె పుట్టిల్లు కురవి దగ్గర పల్లె. తల్లీతండ్రీ పోయారు, అన్నదమ్ములు లేరు. నాకంటే ఆరేడేళ్లు పెద్దది కాబట్టి నేను అక్కా అన్నాను, ఆమె చెల్లె అంది. ఆయన ఆమె చేతిసంచి మోస్తూ, ఆమెకు కుర్చీ జరుపుతూ, డాక్టరు ముందు చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"జర మంచిగ చూడు చెల్లె. గీ దురదతోని నా పెండ్లం సగమైంది" అన్నాడు నాతో.

డాక్టరు చెక్కపుల్లతో ఆమె వీపు మీద ఒక గీత గీశాడు. మేం చూస్తుండగానే అది తాడు మందాన ఉబ్బింది. కొందరికి అంతే, ఎక్కడ తాకితే అక్కడ చర్మం లేస్తుంది. ఆమెను వెంటనే చేర్చుకున్నాం. ఆయన నాకు బాగా నచ్చాడు. భూపాలపల్లి దీక్షా శిబిరంలో ఆయన మాట్లాడుతుంటే ముసలమ్మలు కూడా కొంగు నడుముకు చుట్టి లేచేవారని తర్వాత విన్నాను. ఇట్లాంటి అన్న నాకుంటే బాగుండేదని మా అమ్మతో అన్నాను కూడా.

మొదటి మూడు వారాలూ ఆమె పటం చూస్తే పండగలా ఉండేది. ఒళ్లంతా ఎర్ర చుక్కలున్న బొమ్మ మెల్లగా ఖాళీ అయింది. మూడో వారం నేను ఒక్క చుక్క కూడా పెట్టలేదు. "నిద్ర వట్టింది చెల్లె. యాడాదాయె గిట్ల పండుకోక" అంది. ఆమెకు అసలు బిళ్లే పడిందని నేను లోలోపల తేల్చేసుకున్నాను. పరీక్షలో పనిచేసేవాళ్లు అట్లా అనుకోకూడదు, కానీ ఎవరు అనుకోరు?

నాలుగో వారం జాకెట్టు ముడి విప్పి వీపు చూపిస్తే అడ్డంగా పొడుగు గీతలున్నాయి. ఎర్రగా, అంచుల దగ్గర నీలంగా. మా దిక్కున దద్దులు లేస్తే గొంగడితో రుద్దుతారు. గొర్రె బొచ్చు గొంగడి గరుకుగా ఉంటుంది, దురద చచ్చినట్టు అణుగుతుంది. చిన్నప్పుడు మా అమ్మ నన్ను తోలు లేచిపోయేలా రుద్దింది. పరీక్షలో ఉన్నవాళ్లు అట్లా చెయ్యకూడదని, గీతలు పడితే మాకు దద్దుర్ల లెక్క తెలియదని ప్రతి ఇంట్లో చెప్పి చెప్పి నా గొంతు పోయింది. అందుకే ఆ వీపు చూడగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"గొంగడితోని రుద్దినవు గదా అక్కా? ఎన్నిసార్లు చెప్పాలె నీకు?"

ఆమె తల తిప్పి నన్ను చూసింది.

"ఔ చెల్లె. ఆగక రుద్దిన" అంది.

నేను ఆ గీతలను చూసినవి చూసినట్టు పటం మీద గీసి, రుద్దిందంటే దద్దుర్లు లేచే ఉంటాయని పక్కన దద్దుర్లు అని రాశాను. ఐదో వారం భుజం మీద, తొడ మీద ఉన్నాయి. అవీ గీశాను, అదే రాశాను. ఆరో వారం నిజంగానే దద్దుర్లు తిరిగొచ్చాయి. కనురెప్పలు ఉబ్బి కళ్లు మూసుకుపోయాయి, మెడ నిండా గోళ్లతో గీరుకున్న రక్తం. బిళ్లల డబ్బా బోర్లించి లెక్కపెడితే వారానికి పద్నాలుగు పోవాల్సినవి నాలుగే పోయాయి. నేను అరిచిన అరుపుకు పక్క క్వార్టర్లవాళ్లు గుమ్మంలోకి వచ్చారు.

"యాది మరిచిన చెల్లె" అంది.

"గిట్లయితే నీ పేరు కొట్టేస్తరు. నేను చెప్పి కొట్టేయిస్త."

ఆమె నా మణికట్టు పట్టుకుంది. గోళ్లు దిగాయి. "పేరు కొట్టెయ్యకు. నువ్వు వారం వారం అస్తవని ఆయనకెరుకే" అంది. ఆ మాటకు నాకు అర్థం తోచలేదు. అడగనూ లేదు. జనగామ వెళ్లి చెప్తే డాక్టరు పటాలన్నీ వరసగా పెట్టుకొని చూసి, ఈమెకు ఉత్త బిళ్లే పడి ఉంటుందన్నాడు. మొదట తగ్గింది ఊరికే తగ్గి ఉంటుందన్నాడు.

అంతలో రాష్ట్రం కోసం సమ్మె వచ్చింది. బస్సులు డిపోల్లో, బొగ్గు బాయిలు బందు, బడులు బందు, రైళ్లు ఎక్కడ ఆగితే అక్కడే. నేను మానుకోటలో ఇరుక్కుపోయాను. రెండు వారాలు ఆమె పటాన్ని ఫోనులోనే నింపాను. వీపు మీద ఉన్నయా అంటే ఉన్నయి అనేది. చేతుల మీద అంటే ఉన్నయి అనేది. ఎన్ని అంటే ఎన్నో ఒకటి చెప్పేది. ఒకసారి మధ్యలో ఫోను పెట్టేసింది, మళ్లీ నేనే చేసి మిగతా గళ్లు పూర్తి చేశాను.

రైల్వే గేటు దగ్గర రాస్తారోకోకు మా వాడకట్టు ఆడవాళ్లతో నేనూ వెళ్లాను. పాటలు పాడుతూ కూర్చున్నాం. మొదటి రాయి ఎటు నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. రాళ్లు లేచాయి, వెంటనే పోలీసులు లాఠీలతో దిగారు. కళ్లల్లో కారం పోసినట్టు పొగ. నా పక్కన కూర్చున్న మిల్లు కూలీ ఆమె కణత పగిలి, ముఖమంతా రక్తంతో, "నా చెప్పు ఏదే, నా చెప్పు ఏదే" అని నేల తడుముతోంది. ఆమెను లేపబోయి వంగాను. వీపు మీద ఒక దెబ్బ పడింది. ఊపిరి ఆగిపోయింది. లేవబోతే ఇంకొకటి, జబ్బ మీద. కొట్టినవాడి ముఖం చూశాను. మా తమ్ముడి వయసు ఉంటుంది. వాడూ ఏడుస్తున్నాడు, పొగకో దేనికో. వాణ్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టి, మోచేతుల మీద పాకి బయటపడ్డాను.

మర్నాడు పొద్దున మా అమ్మ కాపడం పెడదామని వీపు చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను రెండు అద్దాలు ఎదురెదురుగా పట్టుకొని చూసుకున్నాను. వీపు మీద పడ్డ దెబ్బ ఒక్కటే, కానీ గీతలు రెండున్నాయి. రైలు పట్టాల్లాగా జంటగా, మధ్యలో నాగటి చాలు లాంటి తెల్లటి సందు. జబ్బ మీదా అంతే. కర్ర పడ్డ చోట నెత్తురు రెండు పక్కలకూ చిమ్ముతుందని, నడుమ భాగం తెల్లగా మిగులుతుందని తర్వాత డాక్టరు చెప్పాడు. అప్పుడు నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. సంచిలోంచి ఆమె పటాలు తీసి మంచం మీద పరిచాను. నాలుగో వారం, వీపు మీద మూడు జంటలు. ఐదో వారం భుజం మీద ఒక జంట, తొడ మీద రెండు. నేనే గీశాను. నడుమ చాలు వదిలి, ఉన్నదున్నట్టు గీశాను. నా పక్కన మా అమ్మ ఏమైందే, ఏమైందే అని అడుగుతూనే ఉంది.

ఆ రోజే బయల్దేరాను. ఉద్యమంలో తెలిసిన ఒక లెక్చరర్ సార్ మోటారు సైకిల్ మీద భూపాలపల్లి వెళ్తున్నాడంటే వెనక ఎక్కాను. ప్రతి గుంతకూ వీపు చీలుతున్నట్టుండేది. ఊరూరా రోడ్డుకు అడ్డం చెట్లు కొట్టి పడేశారు. దవాఖాన పని అని నా సంచి చూపిస్తే దారి వదిలారు. దారి పొడుగునా ఏం చెయ్యాలో ఆలోచించానా అంటే లేదు. ఎట్లా తిట్టాలో ఆలోచించాను.

శిబిరం రోడ్డు పక్కనే ఉంది. టెంటు నిండా జనం. ఆయన వేదిక మీద చొక్కా ఎత్తి, మైకుకు అటు తిరిగి, వీపు చూపిస్తున్నాడు. రెండు రోజుల కింద అక్కడా లాఠీలు విరిగాయి. ఆయన వీపు మీద జంట గీతలు. ముందు వరసలో ఆడవాళ్లు ఏడుస్తున్నారు, ఎవరో దండ వేశారు, జై తెలంగాణ అని టెంటు అదిరిపోతోంది. నేను బండి ఆగకముందే దిగి జనాన్ని తోసుకుంటూ వేదిక దాకా వెళ్లాను.

"గివే దెబ్బలు నీ పెండ్లం ఒంటి మీద ఉన్నయి గదా! గవి ఏ పోలీసోడు కొట్టిండు? చెప్పు!"

మైకు నా గొంతు కూడా పట్టింది. టెంటు చల్లబడింది. ఆయన చొక్కా దించుకున్నాడు. కోప్పడలేదు.

"గీ చెల్లె దవాఖాన మనిషి" అన్నాడు మైకులో, నెమ్మదిగా. "నా పెండ్లానికి దద్దుల బీమారి ఉన్నది. అవి దద్దులేనని నెలన్నర సంది కాయితాల మీద రాసి సంతకం వెట్టింది గీమెనే. రాసినవా లేదా చెల్లె?"

అందరూ నన్ను చూశారు. నా సంచిలో కాగితాలున్నాయి.

ఎవడో వెనక నుంచి "ఎవలు పంపిండ్రే నిన్ను?" అన్నాడు. "ఉద్యమాన్ని బద్నాం చెయ్యనీకె అచ్చినవా?" అని ఒక ఆడమనిషి నా చున్నీ పట్టి లాగింది. లాఠీ తగిలిన చోటే మోచేత్తో పొడిచారు. నన్ను తోసుకుంటూ రోడ్డు మీద పడేశారు. మోకాళ్లు చెక్కుకుపోయాయి. నన్ను తెచ్చిన లెక్చరర్ సార్ బండి తిప్పుకొని వెళ్తూ నా వైపు చూడలేదు.

కుంటుకుంటూ వాళ్ల క్వార్టర్‌కు వెళ్లాను. ఆమె గుమ్మంలో కూర్చొని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఒళ్లంతా దద్దులే, పెదవి కూడా ఉబ్బింది. నేను గొప్పగా చెప్పాను. అందరి ముందు కడిగేసిన అక్కా అన్నాను. ఆమె చేతిలో చాట జారింది.

"ఏం పని చేసినవే!" అంది. అప్పటిదాకా ఆమె నన్ను ఎన్నడూ ఏ మాటా అనలేదు.

"నాకెందుకు చెప్పలే అక్కా?"

"నువ్వు అడిగితివా? గొంగడి అని నువ్వే అంటివి. మంచిగనే దొరికింది మాట అని ఔనన్న." గుమ్మం అవతలికి ఒకసారి చూసి గబగబా చెప్పింది. "నీ మందు మంచిదే. దద్దులన్నీ పోయినయి. పోయినంక దెబ్బలే మిగిలినయి. నీళ్ల కాడ అందరు చూస్తుండ్రు. దద్దులుంటే వాటిల్ల కలిసిపోతయని మింగుడు ఆపిన."

దురదతో ఏడాది పాటు నిద్రపోని మనిషి, మందు పనిచేస్తోందని తెలిసి, దాన్ని గూట్లో దాచి, కావాలని ఆ దురదను మళ్లీ ఒంటి మీదికి తెచ్చుకుంది. ఆమెను నేను మతిమరుపు మనిషి అని నలుగురిలో తిట్టాను.

"నువ్వు అచ్చే ముందు రోజు, అచ్చిపోయిన రోజు ఆయన చెయ్యి లేపకపోతుండె. వారంల రెండు రోజులు. గిప్పుడు గదీ పాయె" అంది. "పో చెల్లె, ఆయన అచ్చేలోపు పో."

నాతో రమ్మన్నాను. చెయ్యి పట్టి లాగాను. ఆమె చెప్పులు వేసుకుంటుండగా ఆయన వచ్చాడు. చేతిలో జెండా కర్ర ఉంది, గుడ్డ దానికే చుట్టి ఉంది. నన్ను పక్కకు నెట్టిన నెట్టుకు తలుపు అంచు తగిలి నా పెదవి చిట్లింది. ఆయన అరవలేదు. వేదిక మీద మాట్లాడినట్టే నెమ్మదిగా, "నలుగుట్ల నా ఇజ్జత్ తీస్తవా, నలుగుట్ల" అంటూ కొట్టాడు. మొదటి దెబ్బకు ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. ఎండిన కంది కట్టె విరిచినట్టు. నేను వెనక నుంచి ఆయన జుట్టు పట్టి వేలాడాను, చెవి కొరికాను. నోట్లోకి రక్తం ఉప్పగా వచ్చింది. విదిలించి కొడితే గోడకు పడ్డాను. ఆమె బియ్యంలో బోర్లా పడి తల కాపాడుకుంటోంది, కర్ర లేస్తోంది, పడుతోంది. పక్క క్వార్టర్ల మొగవాళ్లు ఇద్దరు వచ్చి ఆయన చేతులు పట్టుకున్నారు. అప్పటికి కర్ర రెండు ముక్కలైంది. ఆయన ఒగరుస్తూ, వాళ్ల భుజాల మీదుగా నన్ను చూసి, "రాసుకో, దద్దులని రాసుకో" అన్నాడు.

ఆ ఇద్దరే ఆటోలో మమ్మల్ని దవాఖానకు తీసుకెళ్లారు. మోచేతి కింద ఎముక విరిగింది, కట్టు కట్టారు. మర్నాడు ఇద్దరం పోలీస్ స్టేషన్‌కు వెళ్లాం. ఏ ఊరి స్టేషనో రాయను. అక్కడి ఎస్సై ఆయన పేరు వినగానే కుర్చీలో ముందుకు జరిగాడు. మాకు టీ చెప్పాడు. ఆమె చేతి వంక చూసి అయ్యో అన్నాడు.

"కేసు రాద్దాం తల్లీ, గట్టిగా రాద్దాం. ఒక్క ముక్క మాత్రం నువ్వు చెప్పాలి. పోయిన వారం రోడ్డు మీద బస్సు కాలింది గదా, ఆ రోజు మీ ఇంట్లోంచి పెట్రోలు డబ్బా పట్టుకొని పోయిండని చెప్పు. ఇగ ఏడాది దాకా నీ జోలికి రాడు."

నేను నా కాలితో ఆమె కాలు నొక్కాను. చెప్పక్కా అన్నాను. చెప్తే ఏం పోతుంది, వాడికి జరగాల్సిందే అనుకున్నాను.

ఆమె టీ గ్లాసు బల్ల మీద పెట్టింది. "ఆ నాడు ఆయన జరమొచ్చి ఇంట్లనే పండుకున్నడు. నేనే గంజి తాపిన. బస్సు ఆయన కాలవెట్టలే సారూ. నన్ను కొట్టిండు. నన్ను కొట్టినందుకు పెట్టుండ్రి."

ఎస్సై పెన్ను మూత పెట్టాడు. నేను ఇచ్చిన కాగితాలు అప్పుడు తిప్పాడు, అంతసేపూ వాటి వంక చూడలేదు. "ఇందుల దద్దుర్లని ఉందే? వారం వారం ఉంది, సంతకం ఉంది. మొగుడు పెండ్లాల పంచాయితి మీరే తెంపుకోండ్రి" అన్నాడు.

బయటికి రాగానే నేను ఆమె మీద విరుచుకుపడ్డాను. చెయ్యి విరిగిన మనిషి అని కూడా చూడలేదు. ఒక్క ముక్క చెప్తే ఏం పొయ్యేది అని రోడ్డు మీద అరిచాను. ఆమె నా అరుపు అయిపోయేదాకా ఆగింది.

"లేనిది ఉన్నట్టు నువ్వు రాస్తివి గదా చెల్లె. ఏమైందో చూస్తివి గదా. నన్ను గూడ గదే చెయ్యమంటవా?"

దొరికిన ఆటోలు మారుతూ ఆమెను మానుకోటకు, మా ఇంటికి తీసుకెళ్లాను. మా అమ్మ ఏమీ అడక్కుండా తల దువ్వింది. నాలుగు రోజుల తర్వాత ఒక రైలు కదిలితే జనగామ వెళ్లి డాక్టరుకు అన్నీ చెప్పాను. మందు పనిచేసిందని, ఆమె మింగినన్నాళ్లూ ఒక్క దద్దు లేదని, ఫోనులో నింపిన పటాలు రెండూ ఒళ్లు చూడకుండా రాసినవని చెప్పాను. ఆయన పటాల్లో తప్పులన్నీ నన్నే దిద్దమన్నాడు. ఈ పని అయ్యాక నువ్వు ఇక రావద్దన్నాడు. అది న్యాయమే.

పరీక్ష కాగితాల్లో ఏదీ చెరపకూడదు, చింపకూడదు. తప్పు రాస్తే దాని మీద ఒక్క గీత మాత్రమే గీయాలి. పాత మాట కింద నుంచి చదవడానికి వీలుగా కనబడుతూనే ఉండాలి. పక్కన సరైన మాట, ఆ రోజు తేదీ, పొట్టి సంతకం. చివరి గడిలో మార్పుకు కారణం. నేను కిటికీ పక్కన కూర్చొని పొద్దున్నే మొదలుపెట్టాను. దద్దుర్లు అన్న మాట మీద గీత గీశాను, పక్కన కర్ర దెబ్బ అని రాశాను. వీపు, భుజం, తొడ. కారణం గడి దగ్గర పెన్ను ఆగింది. పొరపాటు అని రాద్దామనుకున్నాను, అందరూ అదే రాస్తారు. రాయలేకపోయాను.

"అడగలేదు" అని రాశాను. తర్వాతి దానిలోనూ అదే రాశాను. సాయంత్రం దాకా ప్రతి గడిలో అదే రాశాను.